ఏదెను తోటలో జరీ అంచు

"ఎవరు చేశారీ పని?"

కొత్త గాజు పలక చంకలో పెట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు సుందర్ రాజు.

"నేనేనండీ," అంది జ్ఞానకుమారి, కొంగు వేలికి చుట్టుకుంటూ.

టేబుల్ మీద పక్కింటి ఇమ్రే అంకుల్ బొమ్మ ఉంది. ఆయనది హంగేరీ. వాళ్ళ దేశంలో బాగా పేరున్న ఒక నాటకానికి వందేళ్ళ కిందట ఎవరో మహానుభావుడు వేసిన బొమ్మ అది. ఏదెను తోటా, అందులో ఆదామూ, హవ్వా. రేపు ఆదివారం మెల్బోర్న్‌లోని వాళ్ళ క్లబ్బులో ఆ నాటకమే ఆడుతున్నారు, గుమ్మం దగ్గర ఈ బొమ్మే పెడతారు. గాజు పగిలింది, మార్చిపెట్టమని ముసలాయన నమ్మకంగా చేతికిచ్చి వెళ్ళాడు.

ఇప్పుడా బొమ్మలో హవ్వ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని ఉంది. అసలైన పట్టుగుడ్డ ముక్కే, జరీ అంచుతో సహా.

"పొద్దున మనింట్లో ప్రార్థన కూడిక జరిగింది కదండీ. సాక్షాత్తూ ఏదెను తోట ఇంట్లో ఉంటే నలుగురికీ చూపించకుండా ఎలా? తీరా చూస్తే ఆవిడ ఒంటిమీద నూలుపోగు లేదు. పాస్టరుగారు తలెత్తగలరా?"

"ఓ తువ్వాలు కప్పొచ్చుగా."

"కప్పితే విద్యావతి ఆంటీ తీసి చూస్తుంది."

"దేంతో అంటించావు?"

"మైదా ఉడకేసి," అంది గొంతు తగ్గించి. "అయినా వాళ్ళకి దేవుడే బట్టలు తొడిగాడు కదండీ?"

"ఆయన మైదాతో అంటించలేదు."

సుందర్ రాజు గోటితో కొంగు కొస లాగి చూశాడు. దాంతోపాటు బొమ్మ కాగితం కూడా లేచొస్తోంది. చప్పున వదిలేశాడు. ఇక ఆదాముకా బెంగే లేదు. బొమ్మ వేసినాయన మగవాడు కదా, సాటి మగవాణ్ణి పొద చాటున నిలబెట్టి పరువు కాపాడుకున్నాడు.

"అంకుల్ నాలుగింటికి షిఫ్ట్ దిగి సరాసరి వస్తానన్నాడు. ఇంకో పది నిమిషాలుంది. ఏం చెప్తావో చెప్పుకో."

జ్ఞానకుమారికి ఏడుపొచ్చినంత పనైంది. ఈ దేశంలో కారం రుచి తెలిసిన తెల్లాయన ఆయనొక్కడే. పెరట్లో కాసిన మిరపకాయలు ఎండబెట్టి, దండలు గుచ్చి మరీ తెచ్చిస్తాడు. వాటితోనే ఈ పూట పచ్చడి నూరింది. ఆ పచ్చడి తిన్న నోటితో ఆయనకి ఏమని చెప్పడం?

బెల్ మోగింది.

ఇమ్రే అంకుల్ లోపలికొచ్చి, టోపీ తీసి, బొమ్మ చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చుని మళ్ళీ చూశాడు. వచ్చిన ఇంగ్లీషులో, రాని ఇంగ్లీషులో జ్ఞానకుమారి మొత్తం చెప్పేసింది, ప్రార్థన, పాస్టరుగారు, మైదా, అన్నీ. "తప్పయిపోయింది అంకుల్," అంది చివరికి.

ముసలాయన వేలితో జరీ అంచు తడిమాడు.

"ఈ నాటకం నేను పదకొండుసార్లు చూశాను జ్ఞానా. తోటలోంచి బయటపడ్డాక వీళ్ళిద్దరూ యుగానికో దేశంలో కనిపిస్తారు. ఈజిప్టు, రోము, పారిస్, లండన్. ఎక్కడికెళ్తే అక్కడి బట్టల్లో. ఆదాము ప్రతిసారీ ఆవిణ్ణి కొత్తగా చూసి మురిసిపోతాడు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇండియా మాత్రం రాలేదు. ఇదిగో, ఇప్పుడొచ్చింది."

జ్ఞానకుమారికి గుండెల మీంచి బండ దిగినట్టయింది. "అంటే కోపం లేదా అంకుల్?"

"ఎందుకు లేదు? ఈ మెల్బోర్న్ జులై చలిలో ఆవిడకి పట్టుచీర కట్టి, వాణ్ణి అలా వదిలేశావేం?" పొద వైపు వేలు చూపించాడు ఇమ్రే అంకుల్. "మీ ఆయన లాన్ కోసేటప్పుడు కట్టుకుంటాడే, గళ్ళది, అదొకటి వీడికీ అంటించిపెట్టు."