రోజుకొక్కరు

"వానపాము నల్లకళ్ళద్దాలు పెట్టుకుని డాన్సు చేస్తుంది. చివర్లో మీ కొట్టు పేరొస్తుంది. జనం పడీపడీ నవ్వి ఒకరికొకరు పంపుకుంటారు. అంతే ఇర్యా గారూ, ఈ వేసవంతా మీ కొట్టు ముందు క్యూ!" అంది కెల్సీ, ల్యాప్‌టాప్‌ని ఆవిడవైపు తిప్పుతూ.

ఇర్యా కోస్కెలా తెరమీది వానపామును చూసింది. ఆ తర్వాత తన మోచేతి పక్కన డబ్బాలో, మట్టిలో మెదులుతున్న అసలు వానపాముల్ని చూసింది. కెనడాలోని థండర్ బేలో చేపలు పట్టేవాళ్ళకి ఎరలూ గాలాలూ అమ్మడం మొదలుపెట్టి ఆవిడకి నలభై ఏళ్ళయింది.

"నేనమ్మే వానపాములకి కళ్ళే ఉండవమ్మాయ్. అద్దాలెక్కడ పెడతావు?"

కెల్సీ నవ్వింది గానీ పట్టు వదల్లేదు. ఆమెను పంపింది వీధి వర్తకుల సంఘం. కొట్లన్నిటికీ కలిపి ఒకే కొత్త వెబ్‌సైటు పెడుతున్నారు. తమ పాత పేజీలు తీసేసి అందులో చేరినవాళ్ళ పేర్లే టూరిస్టులకిచ్చే మ్యాపులో ఉంటాయి. ఆ మ్యాపులో పేరు లేకపోతే కొట్టు వచ్చే చలికాలం దాకా నిలవడం కష్టమని ఇర్యాకీ తెలుసు. సంతకానికి ఇవాళే ఆఖరు రోజు.

"మీ పేజీ చూస్తే కళ్ళు తిరుగుతున్నాయండీ. ఆకుపచ్చ మీద పసుపు అక్షరాలు, మిణుకుమిణుకుమనే చేప! ఎవరు చేశారు ఈ ఘనకార్యం?"

"అదిగో, వాడు." ఇర్యా గోడమీద ఫొటో చూపించింది. పడవలో ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ ఒకటే ముక్కు. "తౌనో, నా తమ్ముడు. కొట్టు ఇద్దరం కలిసే నడిపేవాళ్ళం. నాన్న పడవ ఎవరిదన్న దగ్గర మాటామాటా పెరిగింది. ఉత్తరాన అడవిలో ఇల్లు కట్టుకుని ఒక్కడే ఉంటున్నాడు. పదకొండేళ్ళయింది, మాటల్లేవు."

"అయ్యో! ఒక్క ఫోను చెయ్యకూడదూ?"

"మా ఫిన్నిష్ వాళ్ళ సంగతి నీకు తెలీదు. ముందు నోరు విప్పినవాళ్ళు ఓడిపోయినట్టే. ప్రాణం పోయినా వాడు విప్పడు. నేనసలే విప్పను."

ఇలాంటి మనిషిని ఒప్పించడం ఎలాగా అని కెల్సీ తల గోక్కుంది.

"పోనీ, పేజీలో ఆ జోకులు రాయడమైనా మానండి. రోజుకొకటి! ఇవాళ్టిది వినండి. 'మంచులో చేపలకోసం తవ్విన కంతలో ఒకడు జారిపడ్డాడు. పైనున్నవాడు చెయ్యి అందిస్తూ, పట్టుకో అన్నాడు. నీతో నాకు మాటల్లేవు అన్నాడు వీడు, మునిగిపోతూ.' ఇది చదివి ఎవరైనా వానపాములు కొంటారా?"

"కొనమని ఎవరన్నారు?"

"మరెందుకు రాస్తున్నారు?"

"నా పేజీ. నా ఇష్టం."

"చదివేవాళ్ళుంటే కదండీ! అడుగున అంకె చూడండి. నాలుగు వేల పన్నెండు. అన్నేళ్ళలో అంతే! తుమ్మే పిల్లి వీడియోకి అరగంటలో అంతకి పదింతలమంది వస్తారు. నేను లోపలికెళ్ళి వివరాలు తీశాను. రోజుకొక్కరు. పొద్దున ఆరున్నర ప్రాంతంలో వస్తారు, అర నిమిషం ఉంటారు, పోతారు. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ఆ ఒక్కరూ దిక్కులేదు."

కాఫీ పోస్తున్న ఇర్యా చెయ్యి ఆగింది.

"ఆ వారం నేను కొట్టు మూసేశాను. మంచు తుఫానులో కారేసుకుని వెళ్ళాను. ఊళ్ళో లేను."

"దొరికిపోయారు!" కెల్సీ చప్పట్లు కొట్టింది. "మీరు ఊళ్ళో లేరు, పేజీ తెరిచే నాథుడు లేడు. ఆ ఒక్కరూ మీరేనన్నమాట! మీ జోకు మీరే రాసుకుని, మీరే చదువుకుని, మీరే నవ్వుకుంటున్నారు!"

"అనుకో."

"దానికోసం బంగారంలాంటి కొట్టు పోగొట్టుకుంటారా?"

ఇర్యా కాగితం ముందుకు లాక్కుంది. కెల్సీ మొహం విప్పారింది. సంతకం చెయ్యాల్సిన చోట ఇర్యా పెద్ద పెద్ద అక్షరాలతో 'వద్దు' అని రాసి, కింద రెండు గీతలు కొట్టి, కాగితం వెనక్కి తోసింది.

"కొట్టు మూతపడితే పడనీ. నా పేజీలో చేప తోక కదిలినా ఊరుకోనని మీ సంఘానికి చెప్పు. నీ వానపామును నువ్వే ఆడించుకో. ఆగాగు, ఈ యాలకుల బన్ను తినిపో. పొద్దుట్నించీ ఏమీ తిన్నట్టు లేవు."

"ఇంత మొండితనం నేనెక్కడా చూళ్ళేదు," అని గొణుక్కుంటూనే బన్ను తీసుకుని వెళ్ళిపోయింది కెల్సీ.

మర్నాడు పొద్దున ఆరింటికే ఇర్యా కంప్యూటరు ముందు కూర్చుంది. కొత్త జోకు రాసింది. 'సంఘంవాళ్ళు వానపాముకి నల్లకళ్ళద్దాలు పెట్టి, ఇప్పుడెలా ఉందని అడిగారు. ఏముంది, ఇందాకటిలాగే చీకటిగా ఉంది అంది వానపాము.' రాసి, తనే ఒకసారి నవ్వుకుంది. పేజీ అడుగుకి వెళ్ళి అంకెను చూస్తూ కూర్చుంది. ఆవిడ రాసేవైపు నుంచి ఎంతసేపు చూసినా అది కదలదు. బయట ఇంకెవరైనా తెరిస్తేనే కదులుతుంది.

ఆరున్నర అయింది. నాలుగు వేల పన్నెండు.

ఆరూ ముప్ఫై నాలుగు. కాఫీ చల్లారిపోతోంది. ఇర్యా కారు తాళాలవైపు చూసింది.

ఆరూ ముప్ఫై ఆరుకి చివరి అంకె కదిలింది. నాలుగు వేల పదమూడు.

ఇర్యా గుండెలమీంచి చెయ్యి తీసి కాఫీ అందుకుంది.

తమ్ముడు ఇవాళా బతికే ఉన్నాడు.