735/12 నంబరు మొక్క

ఏసీ పైపు కింద ఎవరో ప్లాస్టిక్ క్యాను పెట్టారు.

శైలజ గేటు తీసి చూసింది. ఖాకీ చొక్కా వేసుకున్న ముసలాయన ఒకడు గోడ నీడలో కూర్చుని ఉన్నాడు.

“ఏటండీ ఇది? అడగక్కర్లేదా?”

“అల్లుడి ఆటో బేటరీకమ్మా. ఊరికే కారిపోతంది కదాని...” అంటూ లేచాడు.

లేచినవాడి చూపు గోడ మీది కుండీ దగ్గర ఆగిపోయింది.

అరచేతిలో పట్టేంత ఎర్రటి మొక్క. ఆకుల మీద తేనెబొట్ల లాంటి జిగురు. ఆ జిగురులో ఒక దోమ చిక్కుకుని కాళ్ళు కొట్టుకుంటోంది.

“ఈగల్ని తినే మొక్క! కోటబొమ్మాళి పల్లందే కదమ్మా?”

శైలజ ఉలిక్కిపడింది. అది అక్కడిదే మరి.

ఆమె ఆమదాలవలసలో ఒక కాలేజీలో బాటనీ చెబుతుంది. ల్యాబులో అట్టకి అంటించిన పాత ఎండు మొక్క ఒకటుంది. కింద చీటీ మీద ‘కోటబొమ్మాళి. 735/12. సేకరణ: కె. డి. రాజు’ అని రాసి ఉంటుంది.

“735 అన్నది చూశారా? ఇది ఆయన సేకరించిన ఏడువందల ముప్ఫై అయిదో మొక్క. ఎంత పెద్ద ప్రొఫెసరో! కనిపిస్తే కాళ్ళకి దండం పెడతాను” అని ఏటా పిల్లలకి చెబుతుంది.

కిందటి వానల్లో కోటబొమ్మాళి అంతా గాలించి, రైలు పట్టాల పక్క పల్లంలో ఆ మొక్కని పట్టుకుంది. ఒక్కటే తెచ్చుకుంది. మళ్ళీ వెళ్ళేసరికి పల్లం లేదు, ప్లాట్లు వేసి గ్రావెల్ తోలేశారు. ఇక మిగిలింది ఈ కుండీలోదే.

ఆకులు తుంచి పిల్లమొక్కలు లేపాలని ఆమె తాపత్రయం. తొమ్మిది ఆకులు పెట్టింది. తొమ్మిదీ నల్లబడి కుళ్ళాయి. తల్లిమొక్క కూడా నీరసించిపోతోంది.

“ఏ నీళ్ళు పోస్తన్నారమ్మా?” అడిగాడు ముసలాయన.

“బోరు నీళ్ళు.”

“అయ్యో, అయి ఉప్పమ్మా. ఈ ఏసీ నీళ్ళే పొయ్యండి. నేదంటే వాన నీళ్ళు. ఎరువు గానీ ఏసినారేటి?”

వేసింది. గజపతినగరం దగ్గర రైతు ఇంట పుట్టిన చెయ్యి అది. ఎరువు వెయ్యకుండా మొక్కని పెంచడమంటే పిల్లని పస్తు పెట్టినట్టే అనిపించి, చిటికెడు వర్మీకంపోస్టు వేసింది.

“ఆ నేల్లో ఏటీ నేదమ్మా. ఏటీ నేకపోబట్టే కదా, ఆకుతో తినడం నేర్సుకుంది. మనం ఒడ్డించకూడదు.”

సరిగ్గా ఇదే ముక్క తను క్లాసులో చెబుతుంది. అందుకే ఇంకా చిర్రెత్తింది.

“నేను ఎమ్మెస్సీ బాటనీ అండీ.”

“ఒక్కాకు ఇప్పించండమ్మా. నేను లేపుతాను.”

“ఉన్నదే ఒక్క మొక్క. మీరు నీళ్ళు పట్టుకుని వెళ్ళండి.”

ఆయన మళ్ళీ అడగలేదు. ఎండాకాలం మూడు నెలలూ రోజు మార్చి రోజు వచ్చేవాడు. క్యాను నిండాక ఒక సీసాడు నీళ్ళు మాత్రం గోడ మీద, కుండీ పక్కన పెట్టి పోయేవాడు. శైలజ వాటిని క్రోటన్లకి పోసేసేది.

మే నెలాఖరున పదో ఆకు కూడా నల్లబడింది. విసుగొచ్చి గేటు బయట పారేసింది. కాసేపటికి చూస్తే ముసలాయన ఆ చెత్తలో వేళ్ళు పెట్టి కెలుకుతున్నాడు.

“చెత్తలో ఏటి ఏరుతున్నారు? ఇంకెప్పుడూ ఈ గేటు దగ్గర కనపడొద్దు!”

“పారేసిందే కదమ్మా. మొదలు కాడ ఇంకా పచ్చిగానే ఉన్నాది.”

ఆకుని తడి రుమాలులో చుట్టి, జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆ రోజు ఆయన గోడ మీద పెట్టిన సీసాని శైలజ ముట్టుకోలేదు.

జూన్‌లో తల్లిమొక్క చచ్చిపోయింది. చేతులారా చంపుకున్నానని శైలజ ఆ రోజు అన్నం కూడా తినలేదు.

డిసెంబరు మొదట్లో ఒకామె స్టీలు పళ్ళెంతో గేటు ముందు నిలబడింది.

“టీచరమ్మగారు మీరేనా? నా పేరు కృపారాణి. ఏసీ నీళ్ళకి వచ్చే ముసిలాయన కూతుర్ని.”

పళ్ళెం నిండా కాగితం టీకప్పులు. ఒక్కో కప్పులో తడి ఇసక, దాని మీద ఒక ఎర్రటి బుల్లి మొక్క. మొత్తం పదిహేడు.

“మీరు పారేసిన ఆకుకి మూడు పిల్లలొచ్చినాయమ్మా. ఆటి ఆకులు తుంచి మిగతాయి లేపినారు. క్రిస్మస్‌కి మీ సేతికియ్యాలనుకున్నారు. రెండు వారాలైంది, పోయారు.”

శైలజ పళ్ళెం మీదికి వంగి చూసింది.

ఒక్కో కప్పులో ఒక ఐస్‌క్రీం పుల్ల గుచ్చి ఉంది. పుల్ల మీద పెన్సిలుతో 735/12.

“ఈ నంబరు... ఏటిది?”

“పట్టాల పక్క స్తంభం నంబరమ్మా. నాన్న గ్యాంగ్‌మేన్ కదా, ఏ సోటయినా అలాగే సెప్పేవోరు. నేను పుట్టింది 738/4కి ఎదురుగా ఉన్న క్వార్టర్లో అనేవోరు.” నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది. “కుర్రతనంలో ఎవరో కాలేజీ మేస్టారికి ఈ మొక్క ఎతికి ఇచ్చినారంట. ఆ మొక్క సీటీ మీద తన పేరే రాసినారని ఆకరి దాకా సెప్పుకున్నారు.”

“నాన్నగారి పేరు?”

“కర్రి డేవిడ్‌రాజు.”

శైలజ రెండు చేతులా పళ్ళెం అందుకుంది. గోడ మీద, కుండీ ఉన్న చోటు పక్కన, ఆయన ఆఖరిసారి పెట్టిన సీసా ఇంకా అలాగే ఉంది.

కనిపిస్తే కాళ్ళకి దండం పెడతానని పన్నెండేళ్ళుగా ఆమె పిల్లలకి చెబుతున్న కె. డి. రాజు, మూడు నెలలు ఆమె గేటు బయట ఆ గోడ నీడలోనే కూర్చున్నారు.