పన్నెండు ఎమ్మెం కట్టర్

కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో సుమిత్ర, మిషన్‌కు బిగించి ఇనుము కోసే కట్టర్లు తుడుస్తోంది.

పదునున్నవి ఒక పక్క, మొద్దుబారినవి ఒక పక్క. పొద్దున షెడ్డు తెరవగానే ఆమె మొదటి పని అదే.

మొద్దువాటిని కాశీరాం వెనక్కి తీసుకెళ్ళి సానపట్టి తెస్తాడు. యాభై దాటిన మనిషి. ఇనుప పొట్టు ఊడ్చేదీ, మిషన్ తుడిచేదీ అతనే.

ఆ రోజు కూడా ఒక కట్టర్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. వెళ్ళకుండా నిలబడ్డాడు.

"అమ్మా, సానపడితే గిది జర సన్నబడ్డది. కంప్యూటర్ల రాసుకో."

"డబ్బా మీద పన్నెండు ఎమ్మెం అనే ఉన్నది గద కాశీరాం. కంపెనోడు తప్పు రాస్తడా?"

"కంపెనోడు కొత్తగున్నప్పుడు రాసిండు."

సుమిత్ర ఇంకో కట్టర్ అందుకుంది. ఆ మాట ఇప్పటికి ఎన్నిసార్లు విన్నదో ఆమెకే గుర్తులేదు.

తొంభై ఏడులో మిర్యాలగూడలో ఆ షెడ్డుకు కంప్యూటర్‌తో నడిచే మిషన్ వచ్చింది. చివ్వెంల పక్క ఊళ్ళో చదువుకున్న సుమిత్ర, హైదరాబాదులో మూడు నెలలు ఆ పని నేర్చుకుని చేరింది.

ప్రతి కట్టర్ మందం ఎంత, పొడవెంత, పళ్ళెన్ని, ఎంత వేగంతో తిరగాలి, ఇవన్నీ కంప్యూటర్‌కు ముందే చెప్పాలి. దానికి కళ్ళు లేవు. చెప్పిన మందాన్నే నమ్మి ఇనుమును కోయిస్తుంది.

ఆమె డబ్బాల మీది అంకెలు చూసి కంప్యూటర్‌లో కట్టర్ల పేజీని ఒకసారి నింపింది. మళ్ళీ తెరవలేదు.

రైసు మిల్లులకు బేరింగులు కూర్చునే గూళ్ళు చేసివ్వాలి. ఆర్నెల్లు చూస్తానని యజమాని సుధాకర్ మొదటే చెప్పాడు. సరుకు తిరిగొస్తే కంప్యూటర్ గదికి తాళం. అప్పుడు సుమిత్ర మళ్ళీ పత్తి చేలోకే.

ఐదు నెలల్లో ఒక్క గూడు తిరిగి రాలేదు. బేరింగ్ కొత్తల్లుడి లెక్క దర్జాగ లోపలికి పోతున్నదని మిల్లు ఆసామి కృష్ణమూర్తి మెచ్చుకున్నాడు. సుధాకర్ ఆమెకు మెత్తటి కుర్చీ తెప్పించాడు.

ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కడుక్కుని వచ్చేసరికి ఆ కుర్చీలో కాశీరాం ఉన్నాడు. వేలు కీబోర్డు మీద ఉంది.

ఆమెను చూసి లేచాడు. కుర్చీని తువ్వాలుతో తుడిచాడు.

"ఏం చేస్తున్నవ్ గీడ?"

"చెప్తే ఇంటవా అమ్మా?"

"ముందు బయటికి నడువు."

అతను వెళ్ళాడు. ఏమేం చెడగొట్టాడోనని, ఉన్నవేమిటో చూడనైనా చూడకుండా, ఆమె కట్టర్ల పేజీ మొత్తం చెరిపేసింది. డబ్బాలు ముందు పెట్టుకుని అన్నీ మొదటినుంచి కొట్టింది. సాయంత్రం సుధాకర్‌కు చెప్పింది.

మర్నాటి నుంచి కాశీరాం పనిలో లేడు. కట్టర్లు సానకు కోదాడ పోయి వస్తున్నాయి.

తర్వాత పంపిన నలభై గూళ్ళూ వెనక్కి వచ్చాయి. బేరింగ్ ఒక్కదాంట్లోనూ దిగలేదు.

అల్లుడు గడప కాడ్నే నిలబడ్డడని కృష్ణమూర్తి కబురు పంపాడు.

మూడు రోజులు సుమిత్ర గూళ్ళ డ్రాయింగులన్నీ మళ్ళీ కొలిచింది. లెక్కలన్నీ మళ్ళీ చూసింది. తప్పు దొరకలేదు.

నాలుగో రోజు సుధాకర్ విసిగిపోయాడు. కోదాడవాళ్ళ సాన మంచిది కాదని, కాశీరాం చేతిలో ఏదో ఉందని, వెళ్ళి పిలుచుకు రమ్మని అన్నాడు. ఇంకొక్కసారి సరుకు తిరిగొస్తే తాళమేనని కూడా అన్నాడు.

తండాలో కాశీరాం భార్య మంగ్లీ మంచం వాల్చి, చెంబుతో నీళ్ళిచ్చింది. కాశీరాం అంగీ గుండీలు పెట్టుకుంటున్నాడు. పది రోజులుగా నేరేడుచర్ల మిల్లులో బస్తాలు మోస్తున్నాడని, బస్సు వేళయిందని మంగ్లీ చెప్పింది.

"కాశీరామన్నా, సారు రమ్మన్నడు. నువ్వు సానబడితే కట్టర్ సన్నబడకపోయేది. కోదాడోళ్లకు గది చాతనైతలేదు."

అతను అలసటగా చూశాడు.

"సానబడితే సన్నబడకుంట ఎట్లుంటదమ్మా? ఎవ్వల చెయ్యైనా గంతే. గా సంగతి కంప్యూటర్‌కు చెప్పకుంటే గూడు ఇరుకైతది."

"మరి నువ్వున్నప్పుడు అన్నీ ఎట్ల సరిపోయినయి?"

కాశీరాం గోడ గూట్లోంచి ఒక నోటుబుక్కు తీసి ఆమె పక్కన పెట్టాడు.

లోపల మాటలు లేవు. తేదీలు, అంకెలు. 11.92. 11.85. 11.76. ప్రతి అంకె పక్కన పెన్సిల్‌తో ఒక గీత.

"గీ గీతలేంది?"

చెప్పింది మంగ్లీ.

"నువ్వు అన్నం తిననీకి పోంగనే గా అంకె కంప్యూటర్ల కొట్టేటోడు. ఇంటికొచ్చి గీత పెట్టుకునేటోడు. నువ్వు కొడుతుంటే యెనక నిలబడి సూసి నేర్చిండట. పాపం, పిల్ల నౌకరి పోవద్దనేటోడు."

సుమిత్ర చివరి పేజీ తిప్పింది. అక్కడున్నది అతన్ని ఆమె కుర్చీలోంచి లేపిన రోజు తేదీ.

దాని పక్కన మాత్రం గీత లేదు. ఆమె తలెత్తేసరికి కాశీరాం బస్తాల కొక్కెం నడుముకు దోపుకుని గడప దాటి వెళ్ళిపోయాడు.