ఆరుగురికి ఇది, ఆరుగురికి అది

"ఎవరు చెబితే మార్చావు? ముందది చెప్పు!"

డాక్టరు రెండు డబ్బాలనూ నర్సు ముందున్న బల్ల మీద ఠపీమని పెట్టాడు. ఎర్రమూత డబ్బాలో మలేరియాకు ఏళ్ల తరబడి ఇస్తున్న పాత మందు. నీలంమూత డబ్బాలో కొత్తది. వార్డులో పన్నెండు మంచాలు. ఆరుగురికి ఇది, ఆరుగురికి అది. ఏది బాగా పనిచేస్తుందో తేల్చడం ఆయన పని. మంచానికి కట్టిన చీటీ రంగు చూసి, తిన్నాక వేసుకోమని మాత్రలు చేతిలో పెట్టి రావడం ఆమె పని.

"నేను దేన్నీ మార్చలేదు సార్. చీటీ చూసే ఇచ్చాను."

"మరి మూడో రోజుకి పన్నెండు మంది రక్తంలోనూ క్రిములు ఒక్కలాగే ఎలా తగ్గాయమ్మా? ఎక్కడో ఓచోట తేడా రావాలిగా!"

గుమ్మంలో నిలబడ్డ రక్తపరీక్షలవాడు గొంతు సవరించుకున్నాడు. "నా వైపు చూడకండి సార్. ఒక్కో స్లైడు రెండేసి సార్లు లెక్కపెట్టాను. నా కళ్లకేం రోగం లేదు. చేతివాటం ఎక్కడుందో అక్కడే వెతుక్కోండి."

పైవాడికి అనుమానమొస్తే కిందివాళ్లు ఒకరినొకరు చూపించుకుంటారు. ఎక్కడైనా ఇదే తంతు.

"నోరు జాగ్రత్త తమ్ముడూ!" అంది నర్సు. "పద్దెనిమిదేళ్లుగా ఈ చేత్తో మందులిస్తున్నాను. ఒక్క మాట పడలేదు."

"ఆ పద్దెనిమిదేళ్లూ ఇవాళ్టితో సరి" అన్నాడు డాక్టరు. "నిజం చెబితే బదిలీ. లేకపోతే ఉద్యోగమే ఊడుతుంది. పద, రోగులనే అడుగుదాం."

వాళ్లు అడుగుపెట్టగానే వార్డులో మాటలు ఆగిపోయాయి.

"ఈమె ఎప్పుడైనా ఒకరి మాత్రలు ఇంకొకరికి ఇచ్చిందా?" గట్టిగా అడిగాడు డాక్టరు.

రోగులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకడైతే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"చూశావా? నిప్పు లేనిదే పొగ రాదు."

నర్సుకి ఏడుపు ముంచుకొచ్చింది. "ఒక్కరైనా చెప్పండయ్యా! నా పొట్ట కొట్టకండి!"

చివరి మంచం మీది తాపీమేస్త్రి దుప్పటి తోసేసి లేచాడు. "అమ్మనేం అనకండి సార్. ఆవిడ సరిగ్గానే ఇచ్చింది."

"అయితే తప్పెవరిదోయ్?"

"మాదే సార్. రెండిట్లో ఏది మంచిదో మీకే తెలీదన్నారు. ఆరుగురు బతికి ఆరుగురు పోవడమెందుకని, ఆవిడ అటు వెళ్లగానే పన్నెండు మంది మాత్రలూ కలిపి నూరేసి, ఒకే బిందె నీళ్లలో పోసుకుని, తలో గ్లాసూ తాగుతున్నాం."