దాచుకున్న కాపీ

కంప్యూటరు మళ్ళీ ఆగిపోయింది. డ్రైవులో చోటు లేదంటూ తెర మీద ఎర్రగీత.

"క్యాష్ నిండిపోయింది బాబాయ్," అంది దీవెన.

"మన షాపులో క్యాష్ నిండటమా? ఏదీ, నాకూ చూపించమ్మా," అన్నాడు అబ్రహాము, రాయి మీంచి తల ఎత్తకుండానే.

"ఆ క్యాష్ కాదు. మనం చేసే ప్రతి డిజైనుకీ ఈ సాఫ్ట్‌వేరు చెప్పకుండా ఒక కాపీ దాచుకుంటుంది. మనం చెరిపేసినా అది చెరపదు."

"అయితే నువ్వే చెరిపెయ్. ఎల్లుండే సమాధుల పండగ. ఇంకా పదకొండు రాళ్ళున్నాయి."

కంకిపాడు రోడ్డు మీద సమాధిరాళ్ళు చెక్కే షాపది. అబ్రహాము ఈ వేసవిలోనే కంప్యూటరుతో సహా కొనుక్కున్నాడు. రాళ్ళ మీదకి ఎక్కే పేర్లు, ఫొటోలు, వాక్యాలు తెర మీద పేర్చడం దీవెన పని.

దాచిన ఫైళ్ళన్నీ తెరిచింది. పాత యజమాని కాలం నుంచీ ఉన్నాయి. ఒక్కో ఫైలుకీ చిన్న బొమ్మ. ఒక్కో బొమ్మలో ఒక ముఖం. ఎప్పుడో మట్టిలో కలిసిన మనుషులు, పెళ్ళిఫొటోల్లోంచి కత్తిరించిన నవ్వులతో ఆమెనే చూస్తున్నారు. అన్నీ ఒక్కసారే చెరిపేయొచ్చు. చేతులు రాలేదు.

ఇందులో అక్క ఉంటుంది.

బ్లెస్సీ ఫిబ్రవరిలో కాలవలో కాలుజారి పడి పోయింది. భూస్థాపన అయిన మర్నాడే బావ స్టీఫెన్ ఈ షాపులో చేయించిన రాయి నిలబెట్టాడు. ఏళ్ళు గడిచినా రాయి వెయ్యనివాళ్ళున్న ఊరది. భార్యంటే ఎంత ప్రాణమో అని అందరూ కళ్ళు తుడుచుకున్నారు. మొన్నటి వానలకి రాయి మీది ఫొటో ఊడిపోయింది. అక్క నవ్వుతున్న ఫొటో అదొక్కటే. అసలుది బావ ఫోనులో ఉండేది. ఆ ఫోను పోయింది.

ఆదివారం దీవెనకీ బావకీ ప్రధానం. అక్క కూతురికి రెండేళ్ళు. ఆ పిల్ల ముఖం చూసే ఒప్పుకుంది. కానీ అక్క కళ్ళలోకి ఒక్కసారి చూసి చెప్పకుండా బావ చేత ఉంగరం తొడిగించుకోవడానికి ఆమెకి మనసు రావడం లేదు.

ఫోను మోగింది. స్టీఫెన్.

"తిన్నావా?"

"ఇంకా లేదు బావా. అక్క ఫొటో కోసం వెతుకుతున్నా. పాత ఫైళ్ళు బయటపడ్డాయి."

అటునుంచి తలుపు వేసిన చప్పుడు వినిపించింది.

"ఎందుకే ఇంకా తవ్వుకోవడం? చూస్తే మళ్ళీ ఏడుస్తావు. అన్నీ తుడిచెయ్," అన్నాడు మెల్లగా.

ఆ గొంతులో దిగులు విని ఆమె కళ్ళు చెమర్చాయి.

బ్లెస్సీ పేరుతో ఏమీ దొరకలేదు. పాతవాళ్ళు ఫైళ్ళకి పోయినవాళ్ళ పేర్లు పెట్టలేదు, ఆర్డరిచ్చినవాళ్ళ పేర్లు పెట్టారు. 'స్టీఫెన్' అని కొట్టింది.

వచ్చింది. నల్లరాయి మీద, వంకరపన్ను కనిపించేలా నవ్వుతూ అక్క. కింద పేరు, పుట్టిన తేదీ, కీర్తనలోని ఒక మాట. పోయిన తేదీ ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ. మొదటి కాపీ కాబోలు, తేదీ తర్వాత ఎక్కించి ఉంటారు అనుకుంది.

చాలాసేపు అలాగే చూసింది.

"నీ పిల్లని నేను చూసుకుంటానక్కా," అంది పైకే.

"ఎవరితోనమ్మా మాటలు?" అన్నాడు అబ్రహాము.

"ఎవరూ లేరు బాబాయ్. అక్క ఫొటో దొరికింది."

"దొరికిందా? దేవుడికి స్తోత్రం. అది పక్కన పెట్టి మిగతావి తీసెయ్."

తర్వాత చేసిన ఇంకా స్పష్టమైన కాపీ ఏదైనా ఉందేమోనని దీవెన ఫైలు వివరాలు తెరిచింది.

ఆ ఫైలు తయారైంది ఫిబ్రవరి తొమ్మిదిన. అక్క కాలవలో పడింది పన్నెండున.