ఇంజన్ గొంతు

"నీ ఎర్రది అందంగా ఉంటే ఉండనీ బావా, గొంతంటే మాత్రం నా పసుపుదానిదే," అన్నాడు బావమరిది, బానెట్ మీద లేని దుమ్ము తుడుస్తూ.

"దానిదా? అది దగ్గోయ్! నా ఇంజన్ పాడుతుంది."

షెడ్డులో పక్కపక్కనే ఉన్న ఆ పాత ఇటాలియన్ స్పోర్ట్స్ కార్ల కోసం ఇద్దరూ పొద్దుటినుంచీ జుట్టూ జుట్టూ పట్టుకుంటున్నారు.

అంతలో అక్క వచ్చింది. "అమ్మ రైలు దిగే వేళయింది. ఏదో ఒకదాని తాళం ఇలా పడేయండి. దారిలో ఆ పాటేదో నేనూ వింటాను."

బావమరిది తన కారుకి అడ్డంగా జరిగాడు. అతని కారు స్టార్టయి రెండేళ్ళయింది. తెల్లవారకముందే లారీ మీద తెప్పించి, వీధి మలుపు నుంచి కూలీల చేత తోయించుకొచ్చి, స్వయంగా నడుపుకుంటూ వచ్చానని కోతలు కోశాడు.

"నీదివ్వు బావా, ఇంట్లో బండి కదా," అన్నాడు.

బావ జేబులన్నీ తడుముకున్నాడు. "తాళం ఎక్కడ పెట్టి చచ్చానో..."

తాళం అతని చిటికెన వేలికే వేలాడుతోంది. బావమరిది దాన్ని చూశాడు. తర్వాత బావ మొహం చూశాడు. అలాంటి మొహం అతను రోజూ అద్దంలో చూస్తున్నదే.

"ఈ ఎండలో ఇటాలియన్ బండ్లు బయటికి తీయకూడదే అక్కా!"

"అస్సలు తీయకూడదు!" అన్నాడు బావ గుప్పిట మూసేస్తూ.

బావా బావమరుదులు ఒక్క మాట మీదికి రావడం అక్క పెళ్ళయ్యాక అదే మొదలు.

అక్క ఇద్దర్నీ ఎగాదిగా చూసి, మూలనున్న తన పాత స్కూటర్ని ఒక్క తన్ను తన్నింది. అది డగడగలాడుతూ వీధిలోకి పోయింది.

ఆ శబ్దం మలుపు తిరిగేదాకా ఇద్దరూ చెవులప్పగించి విన్నారు.

"బాగా పాడుతోంది కదోయ్," అన్నాడు బావ.