ఇంటికొక చెయ్యి

...మొదటి చుక్క మూల బీరువా మీద, రెండోది కిటికీ పక్కన, వాన జోరందుకుంటే మూడోది సరిగ్గా బల్ల మధ్యన. పఠనాలయం కప్పు ఎక్కడెక్కడ ఏ వరసలో కారుతుందో లైబ్రేరియన్‌కి కంఠతా వచ్చు. కాలనీ జనమంతా కుర్చీల్లో సర్దుకుంటుంటే ఆయన కప్పు వైపే చూస్తున్నాడు. ఈ సాయంత్రం వాన లేదు.

ఫోన్ మోగింది. చెల్లెలు.

"అన్నయ్యా, ఇంట్లోనే ఉన్నావా?"

"ఇంట్లోనే ఉన్నానే. నలుగురూ వచ్చారు, మళ్లీ చేస్తా."

పక్క కుర్చీలోని నర్సమ్మ కళ్లజోడు మీదుగా చూసింది. ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో చేసి రిటైరైన మనిషి, ఆమె చూపుకే సగం రోగం భయపడుతుంది. "తోడబుట్టినదానితో కూడా అబద్ధమేనా నాయనా?"

"మీటింగంటే వంద ప్రశ్నలేస్తుందండీ," అని నవ్వేశాడు.

కాలనీ సంఘానికి అధ్యక్షుడైన మందుల షాపాయన గొంతు సవరించుకున్నాడు.

"విషయం ఒకటే. వీధి చివరి ఖాళీ స్థలంలో ముప్పై చిన్న ఇళ్లు కట్టి, ఇల్లు దొరకనివాళ్లకి తక్కువ అద్దెకిస్తారు. మనం సరేనంటే ప్రభుత్వం కాలనీకి గ్రాంటిస్తుంది. మురుగు కాలవా బాగవుతుంది, ఈ కప్పూ బాగవుతుంది. వద్దంటే ఇళ్లూ గ్రాంటూ పక్క కాలనీకి పోతాయి. రేపే ఆఖరి తేదీ. ఇంటికొక చెయ్యి. ఎత్తినవాళ్లు ఇంటి నంబరు చెప్పండి, లైబ్రేరియన్ గారు రాసుకుంటారు."

"కాలవ కోసం ముప్పై కొంపలు నెత్తికెత్తుకుంటామా?" ఇంజనీరు లేచాడు. "ఎవరొస్తారో, ఎలాంటివాళ్లొస్తారో!"

"నాకైతే ఆ గోడలు లేస్తే పెరట్లో ఎండ పోతుంది. బట్టలారవు," అంది నర్సమ్మ.

చేతులు లేచాయి. నంబర్లు వినబడ్డాయి. లైబ్రేరియన్ ఒక్కొక్కటే రాశాడు. వద్దన్నవాళ్లవీ రాశాడు. రెండు వరసలూ చివరిదాకా వచ్చి ఒకే చోట ఆగాయి. మళ్లీ లెక్కపెట్టాడు. ఇరవై ఒకటి, ఇరవై ఒకటి.

"ఇదేం చోద్యం! సమానమా?" షాపాయన తల పట్టుకున్నాడు. వెంటనే ముఖం వెలిగింది. "మీ చెయ్యి మిగిలే ఉంది కదండీ లైబ్రేరియన్ గారూ! ఎత్తండి, గొడవ వదిలిపోతుంది."

అందరూ ఆయన వైపు తిరిగారు. పెన్ను పట్టిన చెయ్యి తనంతట తానే లేవబోతే ఆయన దాన్ని బల్లకేసి అదిమిపెట్టాడు.

"రాసేవాణ్ణి. నేను ఎత్తకూడదు."

"ఎవరన్నారు?"

"ఎవరూ అనక్కర్లేదు. కూడదు."

"అయ్యా, రోజూ బకెట్లు పెట్టుకుని చచ్చేది మీరేగా!"

"అయినా సరే."

"అదీ నిజాయితీ అంటే," అన్నాడు ఇంజనీరు, పొంగిపోయి. "తేలకపోతే వద్దన్నట్టే లెక్క. రాసేయండి. ఎక్కడెక్కడి అలగా జనమో వచ్చిపడే గండం తప్పింది."

లైబ్రేరియన్ పెన్ను కాగితం మీద ఆనించాడు. అది కదల్లేదు. చెవులు వేడెక్కాయి, తననే తిట్టినట్టు.

"ఆగవయ్యా," అంది నర్సమ్మ. "అలగా జనమంటే ఎవరు? మోకాళ్ల నొప్పులతో లేవలేని నాకు నీళ్లు పోసే పిల్ల రెండు బస్సులు మారి వస్తోంది. ఇక్కడ అద్దెలు చూసి దండం పెట్టి పోయింది. అదా అలగా?"

"అబ్బే, ఆ అమ్మాయిని కాదండీ..."

"మరి ఎవర్ని? వాళ్ల పేర్లు చెప్పు, వింటాను."

ఇంజనీరు కూర్చుండిపోయాడు.

"బట్టలు మేడ మీద ఆరేయించుకుంటాలే. నా నంబరు అటు కొట్టేసి ఇటు రాయి నాయనా."

రాశాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఎవరో గొణిగారు. ఎన్నాళ్లుగానో బిగబట్టిన ఊపిరి ఆయన గుండెల్లోంచి మెల్లగా జారిపోయింది. వయసు పదేళ్లు తగ్గినట్టనిపించి, కారణం లేకుండా నవ్వొచ్చింది.

షాపాయన తీర్మానం మీద సంతకాలు పెట్టించుకుని, ప్రభుత్వం వాళ్లు పంపిన దరఖాస్తుల కట్ట బల్ల మీద పెట్టాడు. "ఇళ్లు కావాలని ఎవరైనా వస్తే ఇవ్వండి. ఇక కప్పు బెంగ తీరింది మీకు."

"తీరిందండీ."

"పొద్దున అందరికంటే ముందు తెరుస్తావు, రాత్రి పొద్దుపోతే గానీ మూయవు. కాస్త ఇల్లూ వాకిలీ కూడా పట్టించుకోవయ్యా," అంది నర్సమ్మ, షాపాయన భుజం పట్టుకుని మెట్లు దిగుతూ.

"పట్టించుకుంటానమ్మా. కుర్చీలు సర్దాలి, మీరు పదండి."

అడుగుల చప్పుడు వీధి మలుపులో కలిసిపోయేదాకా ఆగాడు. తలుపు దగ్గరగా వేశాడు. కట్టలోంచి పైకాగితం లాగి, బల్ల ముందు కూర్చుని, పేరు రాశాడు. వృత్తి రాశాడు. తర్వాతి గడి దగ్గర తలెత్తి తలుపు వైపు ఓసారి చూశాడు.

'ప్రస్తుత నివాసం' అన్నచోట పఠనాలయం చిరునామా రాశాడు.